దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఉత్తరం

19 డిసెంబరు 2004, ఆదివారం

తిరుమలేష్ పొద్దున్నే వచ్చాడు, సభ కరపత్రం పట్టుకుని. ‘అండమాన్ పూర్ణచంద్ర అభిమానుల పదహారవ వార్షిక మహాసభ, జనవరి 2’ అని పైన పెద్ద అక్షరాలు, మధ్యలో మా హీరో ఫొటో, దాని చుట్టూ అయిదుగురు షాపువాళ్ళ ఫొటోలు. నా పేరు కోసం కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతుక్కున్నాను. అట్టడుగున దొరికింది. ‘సలహాదారు: వీరరాఘవయ్య మాస్టారు.’ వ్యవస్థాపకుడు అన్న మాట ఎగిరిపోయింది. ఇదేమిట్రా అంటే, "జగా లేదు సర్, స్పాన్సర్లు ఎక్కువైపోయారు" అన్నాడు.

బతు బస్తీలో వాళ్ళ నాన్న హార్డ్‌వేర్ కొట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కునే పిల్లాణ్ణి, ఎనిమిదో తరగతిలో నేనే చెయ్యి పట్టుకుని సభకి తీసుకొచ్చాను. ఇప్పుడు కార్యదర్శి. ఏకు మేకవడం అంటే ఇదే.

అసలు సంగతి లేచి వెళ్ళేటప్పుడు బయటపెట్టాడు. "సర్, బురా మత్ మాన్‌నా, ఏమీ అనుకోకండి. పూర్ణబాబు లెటర్ ఈసారి దో మినిట్‌లో ఖతం చేసెయ్యండి. నలభై నిమిషాలు చదివితే బచ్చాలు లేచి బయటికెళ్ళిపోతున్నారు. దాని తర్వాత డాన్స్ కాంపిటీషన్ ఉంది."

నలభై నిమిషాలట. ఇరవై అయిదు దాటదు. ఇరవై నాలుగేళ్ళుగా ఈ పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు పాఠాలు చెబుతున్నాను. నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్నవాళ్ళే తమ పెళ్ళి శుభలేఖ నా చేత చదివించుకుంటారు. వాళ్ళకి ఏడాదికొకసారి ఇరవై అయిదు నిమిషాల తెలుగు బరువైపోయింది.

సాయంత్రం దక్షిణపు కొస దీవిలోని క్యాంబెల్ బే నుంచి నూకన్న ఫోన్ చేశాడు. జెట్టీ పక్కన కిరాణా కొట్టు నడుపుకుంటూ కూడా మూడు రోజులు జహాజ్‌లో పడి వస్తాడు, ఒక్క సభ తప్పలేదు. ఈసారి పన్నెండుమందికి ఇరవై ఎనిమిదో తారీకు టికెట్లు తీశాడట. "మాస్టారూ, బాబు ఉత్తరం వచ్చీసిందేటి?" అన్నాడు. దార్లో ఉంది అన్నాను. "పెట్టిలో జాగా సేసి ఉంచినాను" అన్నాడు.

సభ అయ్యాక ఉత్తరాన్ని అందరికన్నా దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చెయ్యాలని నేను ఆచారం పెట్టినప్పుడు కమిటీలో నవ్వారు. ఇప్పుడు పదిహేను ఉత్తరాలూ నూకన్న రేకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఈ మాట తిరుమలేష్‌తో అనాల్సింది. అప్పుడు తోచలేదు.

23 డిసెంబరు

ఉత్తరం అయింది. పది పేజీలు. రెండు నిమిషాలు కావాలంటే తిరుమలేష్ వేరే హీరోని చూసుకోవచ్చు.

మా ఆవిడ భారతి వంటింట్లోంచి, "మీ పూర్ణబాబుకి ఇంకో కప్పు కాఫీ కావాలేమో కనుక్కోండి" అంది. ఏటా అనేదే.

డైరీలో అయినా ఒకసారి రాసుకుంటే తప్పులేదు. మొదటి సభకి ఆయనకి నేను మద్రాసు రాసిన మాట నిజం. జవాబు వచ్చిన మాటా నిజమే. రబ్బరుస్టాంపు సంతకంతో ఒక ఫొటో, అంతే. హాల్లో అరవైమంది, అందులో సగం మంది కూలి మానుకుని వచ్చినవాళ్ళు, బాబు ఏం రాశారో వినాలని నా మొహం కేసి చూస్తున్నారు. ఫొటో వెనక ఖాళీగా ఉంది. అయినా చదివాను. ఒకామె ఏడ్చింది. మర్నాడు గుర్తున్నదంతా కాగితం మీద పెట్టాను. అప్పటినుంచీ ఏటా ఎడమకి వాలే అక్షరాలు, ఆకుపచ్చ సిరా.

దీన్ని అబద్ధం అనడానికి లేదు. ఆయనకి తీరిక ఉంటే ఇలాగే రాసేవాడు. ఇంత బాగా కాకపోవచ్చు.

26 డిసెంబరు

పొద్దున ఆరున్నరకి ఇల్లు ఊగింది. హాలు గోడ బీటలిచ్చింది. తర్వాత సముద్రం పైకొచ్చిందట. సిప్పీఘాట్ పొలాలన్నీ నీళ్ళంటున్నారు. మేం బాగానే ఉన్నాం.

27 డిసెంబరు

క్యాంబెల్ బే ఫోన్ కలవడం లేదు.

28 డిసెంబరు

కలవడం లేదు. ఈ రోజు వాళ్ళు జహాజ్ ఎక్కాలి.

30 డిసెంబరు

మా స్కూలు క్యాంపు అయింది. కింది దీవుల నుంచి ఓడల్లో, హెలికాప్టర్లలో మనుషుల్ని తెస్తున్నారు. నాకు పేర్లు రాసే పని ఇచ్చారు. ఉన్నవాళ్ళు ఒక పక్క, కనపడనివాళ్ళు ఒక పక్క. పేరు చెప్పి నా కలం వైపు చూస్తారు, నేను ఏ పక్క రాస్తే అదే ఖాయమన్నట్టు. ఒకాయన తన కొడుకు పేరు కనపడని పక్క రాయనివ్వలేదు. సరే అని ఉన్నవాళ్ళలో రాశాను. సాయంత్రం పై ఆఫీసరు కొట్టేశాడు.

సభ వాయిదా అని తిరుమలేష్ చెప్పి వెళ్ళాడు. నాకు మొదట తోచింది, పది పేజీలూ వృథా అయిపోయాయే అని. ఎవరితోనూ అనలేదు.

2 జనవరి 2005

సభ రోజు.

6 జనవరి

క్యాంబెల్ బే ఓడ వచ్చింది. పన్నెండుమందిలో ఏడుగురు దిగారు. నూకన్న దిగలేదు. అతని భార్య గవరమ్మ దిగింది, చీర మీద ఎవరిదో మగవాళ్ళ చొక్కా తొడుక్కుని. నన్ను చూసి చేతులు జోడించింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఉత్తరాలు ఉంచలేకపోనాం మాస్టారూ" అంది. తప్పు చేసినట్టు అంది.

భారతి ఆమెను దగ్గరికి తీసుకుంది. ఆ భుజం మీద నుంచే గవరమ్మ మిగతాది చెప్పింది. "మొదటి కెరటం ఎల్లిపోయినాక అందరం కొండెక్కీసినాం. పెట్టి ఉండిపోయిందే అని మా ఇంటాయన ఎనక్కి దిగినారు. ఒద్దయ్యా అన్నాను. బాబు ఉత్తరాలే, తడిసిపోతే మాస్టారికేటి సెప్తాను అన్నారు."

శవం దొరకలేదు. వాళ్ళకి పిల్లలు లేరు. కొట్టు ఉన్న చోట ఇప్పుడు సముద్రం ఉందట.

7 జనవరి

నూకన్న పెట్టె కోసం వెనక్కి వెళ్ళాడు.

8 జనవరి

ఎందుకు వెళ్ళాలి? ఉత్తరాలు పోతే పోయేవి. నాకు చెబితే ఇంకోటి తెప్పించి ఇచ్చేవాణ్ణి.

పదిహేనూ సముద్రంలో పోయాయి, ఇక ఎవరూ పట్టుకుని పోల్చి చూడలేరు అని కూడా ఒక ఆలోచన వచ్చింది. నేను పిలవలేదు. అదే వచ్చి, అదే పోయింది.

10 జనవరి

గవరమ్మ ఏడో తరగతి గదిలో ఉంది. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుంటుంది. ఈ రోజు నేను వెళ్ళగానే అడిగింది.

"మా ఇంటాయన ఉత్తరాల కోసరం పోనారని బాబుకి తెలిసిందేటి?"

తెలియదు అంటే సరిపోయేది. ఎలా తెలుస్తుంది అన్నా సరిపోయేది.

"తెలిసింది. ఫోన్ చేశాను" అన్నాను.

"ఏటన్నారు?"

"రాస్తానన్నారు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిల్లలకి నేను చెప్పేవాణ్ణి.

11 జనవరి

గవరమ్మ మధ్యాహ్నం క్యాంపులోంచి నడుచుకుంటూ మిన్నీ బే వెళ్ళిపోయింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంటే చేపలవాళ్ళు ఇద్దరు చూసి పట్టుకొచ్చారు. ఏం చేస్తున్నావమ్మా అంటే, పెట్టె వెతుకుతున్నాను అందట.

భారతి ఇంటికొచ్చి చెప్పింది. ఈసారి కాఫీ ఊసెత్తలేదు. "ఆ రాసేదేదో త్వరగా రాయండి" అంది.

12 జనవరి

ఒక్క పేజీ. పదిహేనేళ్ళలో నేను ఇంత చిన్న ఉత్తరం రాయలేదు. రాసిన తర్వాత కొట్టివేతలు కూడా లేవు.

‘చెల్లెమ్మా గవరమ్మా, నీ భర్త నా మాటల కోసం ప్రాణం పెట్టాడు. అంత విలువ నా మాటలకి లేదు, అతని ప్రాణానికి ఉంది. నేను వస్తాను. మీ కొట్టు ఉన్న చోట నిలబడి అతనికి దండం పెడతాను. నేను వచ్చేదాకా నువ్వు అక్కడే ఉండు. నాకు దారి చూపించడానికి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.’

ఆ చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. ఆమె బతకడానికి ఒక పని ఉండాలి కదా. ఎదురుచూడటం కూడా పనే.

13 జనవరి

క్యాంపులో చదివాను. మూడుసార్లు చదివించుకుంది. చుట్టూ నలభైమంది, హిందీ తప్ప రానివాళ్ళు కూడా వింటూ నిలబడ్డారు. దగ్గు కూడా వినపడలేదు. ఏ సభలోనూ నేను అలా చదవలేదు. తిరుమలేష్ కళ్ళు తుడుచుకుని, జెరాక్స్ తీయించుకుంటానని ఉత్తరం పట్టుకెళ్ళి గంటలో తెచ్చి ఆమెకిచ్చాడు. లెటర్ పొడుగైందని ఎవరూ అనలేదు.

గవరమ్మ అన్నం తిన్నది.

ఇంటికొస్తూ బస్సులో నాకు సంతోషంగా ఉంది. ఆ మాట రాయకుండా ఉండలేను.

20 ఫిబ్రవరి

గవరమ్మ అన్న తాతబ్బాయి భీమిలి నుంచి చెల్లెల్ని తీసుకుపోదామని వచ్చాడు. మేనత్త ఇల్లు ఉంది, ఒక గది ఇస్తారు, రొయ్యల కంపెనీలో పని ఉంది. ఆమె ఒకటే మాట. "బాబు ఉండమన్నారు. నాను క్యాంబెల్ బే ఎల్లిపోతాను."

అతను నా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, మీ మాటంటే దానికి ఏదం. ఒక్క ముక్క సెప్పండి. ఆ బాబు నిజింగా వస్తాడా?"

"పెద్దవాళ్ళు కదా, కొంచెం టైము పడుతుంది" అన్నాను.

అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను గడియారం చూసుకున్నాను.

27 ఫిబ్రవరి

గవరమ్మ క్యాంబెల్ బే ఓడ ఎక్కింది. అక్కడ రేకుల షెడ్లు కట్టి ఇస్తున్నారు. కొన్నాళ్ళు ఉండి తనే విసుగొచ్చి అన్న దగ్గరికి వెళ్ళిపోతుంది. మనిషన్నాక విసుగు రాదా.

3 ఏప్రిల్

విసుగు రాలేదు. షెడ్డులో ఎండకి రేకులు కాలిపోతున్నాయట, తాతబ్బాయి ఉత్తరం రాశాడు. కాబట్టి నేనూ రాశాను, ఆకుపచ్చ సిరాతోనే. ‘చెల్లెమ్మా, నా ఆరోగ్యం బాగాలేదు, రాలేను, మీ అన్నతో వెళ్ళిపో.’ తాతబ్బాయికే పంపించి, వెళ్ళి ఆమెకి అందజెయ్యమన్నాను.

12 మే

నమ్మలేదు. ఇది బాబు రాసింది కాదు, నువ్వే ఎవరి సేతో రాయించి తెచ్చినావు అని అన్నతో దెబ్బలాడిందట. అతనితో మాటలు మానేసింది.

రెండూ ఒకే చేత్తో రాశాను. వస్తానన్నది నమ్మింది, రానన్నది నమ్మలేదు.

18 నవంబరు

సభ మళ్ళీ జనవరిలో పెడుతున్నారు. ఈసారి బాబుని స్వయంగా రప్పిస్తాడట తిరుమలేష్. పొద్దున వచ్చి చెప్పాడు. హుషారుగా ఉన్నాడు. "గవరమ్మ దీదీకి వస్తానని రాశారు కదా సర్. నా దగ్గరున్న జెరాక్స్ హైదరాబాద్‌లో ఆయన ఆఫీసుకి ఫ్యాక్స్ కొట్టాను. ఇప్పుడెలా కాదంటారు?"

మంచి పని చేశావు అన్నాను. ఇంకేమనాలి?

22 నవంబరు

తిరుమలేష్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆఫీసు నుంచి మేనేజరు ఫోన్ చేశాడట. సార్ పదేళ్ళుగా ఎవరికీ ఉత్తరం రాయలేదు, ఎవర్నీ కలవడం కూడా లేదు, ఎవరో మిమ్మల్ని మోసం చేశారు అన్నాడట.

"పదహారు లెటర్లూ మీవేనా సర్?"

"పద్దెనిమిది" అన్నాను. టీచరు బుద్ధి. తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేను.

కిటికీ వైపు తిరిగి అడిగాడు. "నేను ఎయిట్త్‌లో ఉన్నప్పుడు మా అమ్మ పోయింది. ఆ సాల్ లెటర్‌లో, తల్లి లేని పిల్లలందరూ నా ఇంటివాళ్ళే అని ఉంది. నేను ఆ లైన్ ఇంగ్లీష్ అక్షరాల్లో మా షాపు గోడ మీద రాసుకున్నా. అది కూడా మీరేనా?"

ఆ వాక్యం నేను అతని కోసమే రాశాను. ఆ ఏడు అతణ్ణి మొదటి వరసలో కూర్చోబెట్టింది అందుకే. ఇవేవీ చెప్పలేదు. "ఊ" అన్నాను.

పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. ఈసారి కార్యదర్శిలా మాట్లాడాడు. "కిసీకో మత్ బోల్‌నా సర్, ఎవరికీ చెప్పొద్దు. సభ ఇజ్జత్ పోతుంది. మీరు రిజైన్ చేసెయ్యండి. డాన్స్ గురించి ఝగడా అయిందని మేం చెప్పుకుంటాం."

"గవరమ్మకి నేను చెప్పాలి."

"ఆవిడకి అస్సలు చెప్పొద్దు. చెప్పి ఏం చేస్తారు, నూకన్నని తెస్తారా?"

రాజీనామా రాసి ఇచ్చాను. అక్షరాలు చూసి, తెలుగు చదవడం రాదు కదా, భారతి చేత చదివించుకుని వెళ్ళాడు.

5 డిసెంబరు

చేపల మార్కెట్లో, "క్యా మాస్టర్‌జీ, డాన్స్ పసంద్ నహీ?" అని ఎవడో అరిచాడు. నలుగురు నవ్వారు. మాస్టారికి కుళ్ళు, పిల్లలు పైకొస్తే ఓర్వలేకపోతున్నాడు, ఇదీ ఊళ్ళో మాట. నిజం కన్నా ఇదే తేలిగ్గా ఉంది. మోయగలను.

8 జనవరి 2006, ఆదివారం

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. చివరి వరసలో, కూలర్ పక్కన కూర్చున్నాను. వేదిక మీద నూకన్న ఫొటో, దండ. దాని పక్కన కుర్చీలో గవరమ్మ. మూడు రోజుల ప్రయాణానికి మొహం పీక్కుపోయి ఉంది. సభ మొదలుపెట్టినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఆశించలేదు. కొంచెం ఆశించాను.

తిరుమలేష్ మైకు ముందుకొచ్చి జేబులోంచి కాగితం తీశాడు. "పూర్ణబాబు లెటర్ వచ్చింది" అన్నాడు. హాలంతా ఈలలు.

తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. చదువుతుంటే తెలిసిపోతోంది. ‘నా ప్యారే అభిమానులారా’ట. క్రియ ఎక్కడ పెట్టాలో తెలియదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఇలా రాస్తాడా, పదహారేళ్ళలో ఒక్కసారైనా ఇలా రాశాడా అనుకున్నాను. ఆ తర్వాత వినపడింది.

"గవరమ్మ దీదీ, నేను నీకిచ్చిన వాదా మర్చిపోలేదు. తప్పకుండా వస్తాను."

చప్పట్లు. గవరమ్మ లేచి ఆ కాగితం రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది. దూరం నుంచి వచ్చింది కదా, ఆమెకే ఇచ్చారు.

వేదిక వెనక తిరుమలేష్‌ని పట్టుకున్నాను. "ఏమిట్రా ఇది?"

"మూడు రోజులు వామిట్లు చేసుకుంటూ వచ్చింది సర్. దిగగానే, లెటర్ వచ్చిందా బాబూ అంది. మీరైతే ఏం చెప్పేవారు?"

డాన్సు పాట మొదలైంది. నేను బస్సుకి వచ్చేశాను.

31 మార్చి

రిటైరయ్యాను. శాలువా కప్పారు.

29 ఏప్రిల్

తాతబ్బాయి ఉత్తరం. మే పదకొండున క్యాంబెల్ బేలో ఉంటాడట, పన్నెండున తిరుగు ఓడ. ‘ఇదే ఆకరుసారి మాస్టారూ. నాకూ పిల్లలున్నారు, మాటిమాటికీ రాలేను. మేనత్త ఆ గది ఇంకెవరికో ఇచ్చేస్తానంటంది.’

భారతికి చూపించాను. "వెళ్ళి చెప్పెయ్యండి" అంది. "నమ్మకపోతే?" అన్నాను. "నమ్మించడం మీకు కొత్తా?" అంది.

8 మే, ఓడలో

కచ్చల్ దీవి దగ్గర ఆగాం. మొండి కొబ్బరిచెట్లు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. చెప్పాల్సిన మాటలు నాలుగుసార్లు మనసులో దిద్దుకున్నాను. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి.

11 మే, క్యాంబెల్ బే

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. లోపల నిలబడితే తల మీద పొయ్యి పెట్టినట్టుంది. గవరమ్మ సగానికి సగం అయింది. షెడ్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, మీద ఉతికిన తువ్వాలు పరిచి. నేను కూర్చోబోతే, "అది బాబుకి. మీరు సాప మీద కూకోండి, ఏటనుకోకండి" అంది. తాతబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, సంచి సర్దుకునే ఉన్నాడు.

టీ ఇచ్చి, క్యాంపులో నేను చదివిన ఉత్తరం తీసింది. "ఓపాలి సదవండి మాస్టారూ. ఇక్కడ కుర్రోళ్ళకి తెలుగు సదవడం రాదు."

మూడు వాక్యాలూ మర్చిపోయాను. ఇంతకన్నా సులువైన దారి కనపడింది. కాగితం పట్టుకుని, "చెల్లెమ్మా గవరమ్మా, నేను రాలేనేమో, నువ్వు మీ అన్నతో వెళ్ళు, ఎక్కడున్నా నా చెల్లెలివే" అని చదివాను.

ఆమె నవ్వింది. "కళ్ళజోడు మార్పించండి మాస్టారూ. అలగ నేదు." కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పింది. "మూడుసార్లు సదివినారు కదా క్యాంపులో. అప్పుడే వచ్చీసింది." నేను ఎక్కడ ఆగానో అక్కడ ఆగింది. నా గొంతు ఎక్కడ వణికిందో అక్కడ ఆమె గొంతూ వణికింది. ‘నాకు దారి చూపించడానికి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.’ నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

అప్పుడు చెప్పాను. "గవరమ్మా, అది బాబు రాసింది కాదు. నేను రాశాను. మొదటి సభ నుంచీ అన్నీ నేనే రాశాను. ఆయనకి నువ్వెవరో తెలియదు."

తాతబ్బాయి గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. గవరమ్మ మాత్రం పసిపిల్లాడు మారాం చేస్తుంటే విన్నట్టు వింది. "తిరుమలేష్ బాబు ముందే సెప్పినాడు. మాస్టారికి మామీద కోపం వచ్చీసింది, ఓనాడు ఉత్తరాలన్నీ నావే అంటారు, బాదపడకు దీదీ అని. పోనీండి మాస్టారూ. ఆ సభ మీరు పెట్టిందే కదా, తీసీసినారంటే ఎవలికైనా కట్టంగానే ఉంటాది."

నాకు రోషం వచ్చింది. నిజం చెబుతున్నప్పుడు కూడా వచ్చింది రోషమే. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, టీ పొట్లం కాగితం మీద ఎడమకి వాల్చి ‘చెల్లెమ్మా గవరమ్మా’ అని రాసి, ఉత్తరం పక్కన పెట్టాను. ఆమెకి చదువు రాదు. తాతబ్బాయి వంగి రెండూ చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఒకేనాగున్నాయే" అన్నాడు. "ఒకేనాగున్నాయి గవరా."

ఆమె రెండు కాగితాల మీదా వేలు పెట్టి, ఒక్కో అక్షరమే తడుముతూ పోయింది. బయట ఎవరో నీళ్ళ డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు పోయాక తలెత్తి నన్ను అడిగింది. కోపంగా కాదు. తెలియక అడిగినట్టు అడిగింది.

"మరి మా ఇంటాయన దేనికి ఎనక్కెల్లినట్టు?"

నేను తాతబ్బాయి కేసి చూశాను. అతను నేల చూస్తున్నాడు. ఒక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోయేది. ఆమె ఏడ్చేది, నన్ను తిట్టేది, రేపు ఓడ ఎక్కేది. అలా అయ్యేదని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు మిన్నీ బే నీళ్ళు కనపడ్డాయి. నడుం లోతు.

"ఏళ్ళ తరబడి బాబు అక్షరాలు చూసి చూసి నాకూ ఆ చేతిరాత పట్టుబడిపోయింది" అన్నాను. "కోపంలో అనేశాను. ఉత్తరం ఆయనదే."

"మరదే" అంది గవరమ్మ. గట్టిగా ఊపిరి వదిలింది. లేచి నాకు ఇంకో గ్లాసు టీ పోసింది.

12 మే

తాతబ్బాయి ఒక్కడే ఓడ ఎక్కాడు. చెల్లెలు జెట్టీ దాకా వచ్చింది గానీ అతని చేతిలో సంచి అందుకోలేదు, అతనూ రమ్మని అడగలేదు. నేనూ అదే ఓడ. ఎక్కే ముందు గవరమ్మ నాచేత బాబుకి జవాబు రాయించింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. ‘తొందర నేదు బాబూ. నీ ఒంట్లో బాగున్నప్పుడే రా. నానిక్కడే ఉంటాను. కొట్టు జాగా నీళ్ళలో ఉంది గానీ, పోటు తీసినప్పుడు గట్టు అవుపిస్తాది, సూపిస్తాను.’ మీకూ వాళ్ళకీ మాటల్లేకపోయినా ఈ ఒక్కసారికీ తిరుమలేష్ బాబుకి అందించండి, ఆయనే పంపిస్తాడు అంది.

డెక్కు మీద తాతబ్బాయి నా పక్కనే కూర్చున్నాడు. "మాస్టారూ, మీకు పున్నెముంటాది. ఇంక రాయకండి."

రాయను అన్నాను.

15 మే, పోర్ట్ బ్లెయిర్

బతు బస్తీ వెళ్ళి కొట్లో తిరుమలేష్‌కి కవరు ఇచ్చాను. విప్పి చూసి, చదవలేక, నాకే తిరిగి ఇచ్చాడు. చదివి వినిపించాను. బేరానికి వచ్చినవాణ్ణి ఆగమని చెయ్యి చూపించి, చివరిదాకా విన్నాడు.

"జవాబు ఇవ్వకపోతే ఏమవుతుంది సర్?"

"మళ్ళీ నీళ్ళలోకి వెళ్తుందేమో."

"ఇస్తే?"

అక్కడే ఉంటుంది. ఆ రేకుల కింద, ఆ కుర్చీ పక్కన.

తిరుమలేష్ కవరు మీద నేను రాసిన తన పేరుని చూస్తూ అడిగాడు. "మేం రాయాలా సర్, మీరు రాస్తారా?"

నేనే రాస్తానన్నాను.